మనము పీల్చు అన్నము

సనత్‌నగరమను పేరు వినగానే సంస్కృతాభిమానులు కొందఱు అది సనత్కుమార మహర్షి పేర వెలసిన పురమై యుండునని భావించుట కలదు. బాల్యమున నేనును అట్లే భావించితిని. కాని ఆ శబ్దము ఉర్దూ భాషది. 'సన్‌అత్' అనగా పరిశ్రమ. నిజాము ప్రభుత్వకాలమున, నగరమునకు వాయవ్య దిశయందు, వాడి వైపునకు సాగు రైలుదారి ప్రక్కన, కర్మాగారముల కొఱకే యేర్పఱచిన నేల గనుక దానికా పేరు సార్థకమైనది. 1942లో స్థాపితమైన ఆల్విన్ కర్మాగారమున బస్సుల పైకట్టులును, అటుపిమ్మట రిఫ్రిజిరేటర్లును తయారై దేశము నాలుగు చెఱగులకును పోయినవి. ప్రక్కనున్న బాలానగరమున సోవియట్ దేశపు సహాయముతో వెలసిన ఐ.డి.పి.ఎల్. ఔషధ కర్మాగారము, హైదరాబాదును మందుల తయారీకి పేరెన్నికగన్న నగరముగా జేసిన రసాయన విద్యకు పాఠశాల యైనది. ఇన్ని చేతులకు పని యిచ్చిన యీ పేట, ఆ చేతులవారి ఊపిరితిత్తులకేమి యిచ్చినదను ప్రశ్నకు సమాధానమిచ్చు సాధనములు వైద్యశాస్త్రమునకు మా బాల్యమున లేవు. ఇప్పుడిప్పుడే అవి చేతికి వచ్చుచున్నవి. వానిలో కొన్ని మన హైదరాబాదు చుట్టుప్రక్కల పల్లెలలోనే సిద్ధించినవి కావున, వానిని గుఱించి మీతో నాలుగు మాటలు చెప్పుకొనవలెనని కోరిక.

మేము కార్మికుల క్వార్టర్లలో నుండెడివారము. రెండు గదులు, వెనుక ఇఱుకైన వంటయిల్లు. మా అమ్మ పొట్టుపొయ్యి మీద వండెడిది. ఆ పొయ్యిని నేటి పిల్లలు చూచి యుండరు: ఒక రేకుడబ్బాకు అడుగున ప్రక్కగా రంధ్రము చేసి, నడుమ ఒక సీసాను నిలిపి, దాని చుట్టును కోతమిల్లు నుండి తెచ్చిన రంపపుపొట్టును గట్టిగా కూరి, పిదప ఆ సీసాను మెల్లగా పైకి తీసినచో మిగిలిన సొరంగమే మంటకు దారి. ఒకమాఱు కూరినచో పూటంతయు మండును. గాసునూనె కొఱకు రేషను దుకాణము ముందు డబ్బా పట్టుకొని నిలుచు పని తప్పును. అది రాజుకొనునంతసేపును మా వంటయింటి గోడలు కంటికి కానరాకుండెడివి. నేను దగ్గుచు బయటికి పరుగెత్తినప్పుడెల్ల, "ఇంత పొగకే ఏమైతది బిడ్డా, అన్నం ఉడకాలె గద" అని అమ్మ యనెడిది. ఆ మాటలో అన్నము వేఱు, పొగ వేఱు. ఒకటి శరీరములోనికి పోయి బలమిచ్చునది, రెండవది కంటికి నీరు తెప్పించి గాలిలో కలిసిపోవునది. పొగయు లోపలికే పోవునని, పోయి అన్నమువలెనే శరీరమంతటను తన పని తాను చేయునని ఆమెకు చెప్పినవారు లేరు.

గాలికిని రోగమునకును గల సంబంధమును గూర్చి మనుష్యులు చిరకాలముగా తలపోయుచునే యున్నారు. సనత్‌నగరమునకు కొద్ది దూరముననే బేగంపేట యున్నది. అచ్చట 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు, హుసేన్ ఖాన్ అను మలేరియా రోగిని కుట్టిన దోమను కోసి, దాని కడుపు గోడలో ఆ వ్యాధి క్రిమి పెరుగుచుండుటను సూక్ష్మదర్శినిలో చూచెను. దోమకొక అణా చొప్పున హుసేన్ ఖాన్‌కు కూలి ముట్టినదట. ఇటలీ భాషలో మలేరియా యను మాటకు చెడుగాలి యనియే యర్థము. బురదనేలల నుండి లేచు దుర్వాయువే ఆ జ్వరమునకు కారణమని శతాబ్దములపాటు లోకము నమ్మినది. బేగంపేటలో ఆ దినమున గాలి నిర్దోషియని తేలి, నేరము దోమపై పడినది. 1902లో రాసుకు నోబెల్ బహుమానము లభించినది. అటుపిమ్మట వైద్యశాస్త్రము క్రిముల వెంటబడి పోయినది. పోయి, మన తాతల తరమువారిని చంపిన వ్యాధులను ఒక్కొక్కటిగా లొంగదీసినది. ఆ విజయముల వెలుగులో గాలిని గుఱించిన పాత శంక, పల్లెటూరి మూఢనమ్మకముల సరసన చేరిపోయినది. 1952 డిసెంబరులో లండను నగరమును బొగ్గుపొగతో కూడిన పొగమంచు అయిదు దినములు క్రమ్ముకొనగా సుమారు 4,000 మంది మరణించిరని అప్పటి లెక్కలు తేల్చినప్పుడు గాని, గాలి మఱల బోనులో నిలువలేదు. ఈసారి అభియోగము దుర్వాసనపై కాదు, కంటికి కనబడని ధూళిపై.

ఆ ధూళి స్వరూపమును కొంత చెప్పవలసియున్నది. తల వెండ్రుక మందము ఇంచుమించు 50 నుండి 70 మైక్రానులు. అందులో పాతికవ వంతు, అనగా రెండున్నర మైక్రానులును అంతకంటె చిన్నవియునగు రేణువులను శాస్త్రజ్ఞులు పి.ఎం. 2.5 అని వ్యవహరించుచున్నారు. ముక్కులోని వెండ్రుకలును, గొంతులోని జిగురును పెద్ద ధూళిని పట్టి నిలుపగలవు; తుమ్మో, దగ్గో, కళ్ళెయో దానిని బయటికి నెట్టివేయును. ఈ సన్నని రేణువులు మాత్రము ఆ కాపలాను దాటి, శ్వాసనాళముల చిట్టచివరనున్న గాలితిత్తుల వఱకు పోయి నిలుచును. అచ్చట వానిని మ్రింగుటకు వచ్చిన రక్షకకణములు, మ్రింగి అరిగించుకొనలేక, శత్రువు ప్రవేశించెనని శరీరమంతటికిని రసాయన సంకేతములు పంపును. ఆ సంకేతములు రక్తములో దినమంతయు, సంవత్సరమంతయు తిరుగుచునే యుండును. గాయము లేనిచోట గాయమునకు జరుగు చికిత్స నడచుచున్నదనుకొనుడు. కాలక్రమమున ఆ చికిత్సయే రోగమగును.

మనము దినమునకు తిను అన్నమును కూరలును కలిపి తూచినచో కిలోయో, రెండు కిలోలో అగును. పీల్చు గాలియో, పదివేల లీటర్లకు పైగా నుండును. దాని బరువు పండ్రెండు కిలోలకు తక్కువ కాదు. అన్నమునకు రుచి చూతుము, రాళ్ళేరుదుము, పురుగు పట్టినచో పారబోయుదుము. దానికంటె ఎన్నో రెట్లు బరువైన ఈ రెండవ ఆహారమును ఏఱుకొను స్వాతంత్ర్యము మనకు లేదు. మన వీధిలో ఏది వడ్డింపబడినదో దానినే పీల్చవలెను. అందుచేతనే గాలి లెక్క ఒక్కొక్క యింటి లెక్క కాదు, ఊరుమ్మడి లెక్క.

ఆ లెక్కను కట్టు యంత్రము మన సనత్‌నగరముననే యున్నది. కాలుష్య నియంత్రణ మండలి కేంద్ర కార్యాలయమైన పర్యావరణ భవనము ఈ పారిశ్రామిక వాడలోనే కలదు. గాలిని నిరంతరము పరీక్షించు దేశవ్యాప్త కేంద్రములలో సనత్‌నగర కేంద్రమొకటి. ఇట్టి యంత్రములు గాలిని ఒక గొట్టమునుండి లోనికి పీల్చి, పెద్ద రేణువులను వేఱుచేసి, సన్నని వానిని ఒక నాడా మీద పడవేసి, ఆ మచ్చగుండ బీటా కిరణములను ప్రసరింపజేసి, కిరణము ఎంత క్షీణించినదో దానినిబట్టి ధూళి బరువును గణించును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఘనమీటరు గాలికి సంవత్సరపు సగటు 10 మైక్రోగ్రాములు దాటరాదని చెప్పినది. 2021లో ఆ హద్దును 5కు దించినది. మన దేశమున 2009లో నిర్ణయించిన ప్రమాణము 40. ఈ మూడంకెలను వినినవారు, నలువది లోపల నున్నంతవఱకు క్షేమమేయని ఊరట చెందుట సహజము. ఆ ఊరట తగినది కాదని చెప్పుటకే నేను ఇక రాబోవు వృత్తాంతమును విన్నవించుచున్నాను.

తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ యున్నది. 1918లో కూనూరున మెకారిసన్ దొర ఒక చిన్న గదిలో ప్రారంభించిన పరిశోధనశాలయే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి నేటి రూపము దాల్చినది. ఆ సంస్థవారు 1987 మొదలు 1990 వఱకు నగర పరిసరములలోని 29 పల్లెలలో ఒక పరీక్ష చేసిరి. అందు 15 పల్లెలలో గర్భిణులకును, ఆఱేండ్లలోపు పిల్లలకును మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో వండిన ఉప్మాను నిత్యమును పెట్టిరి; మిగిలిన 14 పల్లెలకు ఆ యేర్పాటు అప్పటికింకను అందలేదు. ఉప్మా తినిన తల్లుల బిడ్డలు పుట్టినప్పుడు ఎంత బరువుందురను విషయమే అప్పటి జిజ్ఞాస. అంతటితో ఆ కథ ముగిసియుండెడిది. కాని పదునైదేండ్ల తరువాత, లండను ప్రజారోగ్య విద్యాలయమునకు చెందిన సంజయ్ కిన్రాయు, పోషకాహార సంస్థకు చెందిన కె.వి. రామేశ్వర శర్మయు మొదలగువారు ఆ పిల్లలను మఱల వెదకి పట్టుకొనిరి. అప్పటికి వారు పదుమూడు మొదలు పదునెనిమిదేండ్ల ప్రాయమువారు. 1,165 మందిని పరీక్షింపగా, ఉప్మా పెట్టిన పల్లెల పిల్లలు రెండవ వారికంటె సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగా నుండిరి. అంతకంటె ముఖ్యముగా, వారి రక్తనాళములు మృదువుగా నుండెను, వారి శరీరములు ఇన్సులిన్ మాటను చక్కగా వినుచుండెను. 2008లో ఈ ఫలితము ప్రకటితమైనది. శిశుప్రాయమున తిన్న దోసెడు ఉప్మాను శరీరము పదునైదేండ్లు జ్ఞాపకము పెట్టుకొన్నదని విన్నప్పుడు నాకు కలిగిన యాశ్చర్యమును మాటలలో చెప్పజాలను. శరీరము మఱవదు. మంచిని మఱవనిది చెడును మాత్రము మఱచునా?

ఈ రెండవ ప్రశ్న ఆ పల్లెలలోనే వేయబడినది. పిల్లలను మాత్రమేగాక వారి తల్లిదండ్రులను, తోబుట్టువులను కూడ కలిపి వేలమందిని అనుసరించు అధ్యయనముగా ఆ పరీక్ష పెరిగెను; బార్సిలోనాకు చెందిన కాథరిన్ టోన్ మున్నగువారును, పోషకాహార సంస్థలోని భారతీ కులకర్ణి ప్రభృతులును చేరి, అందులో 28 పల్లెలవారు పీల్చు గాలిని లెక్కకట్టబూనిరి. ఒకనాడు ఉప్మాను తూచినచోటనే నేడు ఊపిరిని తూచుట! అన్నమును పరిశోధించు సంస్థ గాలి వైపు మరలుట కాకతాళీయము కాదని నా నమ్మకము. తిను అన్నమునకును పీల్చు అన్నమునకును తేడా లేదని ఆ పని తనంతట తానే చెప్పుచున్నది.

వారు చేసిన యేర్పాటు చూడదగినది. కొందఱు పల్లెవాసుల మెడకు చిన్న కెమెరాలను తగిలించి, ఒంటికి ధూళిని కొలుచు పరికరములను కట్టి, వారు ఎచ్చటెచ్చట తిరుగుదురో ఉపగ్రహముల సాయమున గుర్తించిరి. పొలమున నున్నప్పుడెంత, రోడ్డు మీద మోటారు సైకిలుపై నున్నప్పుడెంత, బీడీ త్రాగువాని ప్రక్కన కూర్చున్నప్పుడెంత, పొయ్యి ముందు ఊదుగొట్టముతో వంగినప్పుడెంత అని గడియ గడియకు తెలిసినది. పురుషుల ధూళి వారి పని వెంట, ప్రయాణము వెంట, పొగత్రాగుడు వెంట నడచెను. స్త్రీల ధూళి వంటయింటిలోనే వారికొఱకు కాచుకొని కూర్చుండెను. ఆ పల్లెల వెలుపలి గాలిలో పి.ఎం. 2.5 సగటు 32.8 మైక్రోగ్రాములు. గమనింపుడు: అది మన దేశపు ప్రమాణమైన 40కి లోబడియే యున్నది. ఆ ఇండ్లలో సగమునకు మించి కట్టెలు, పిడకలు మొదలగు వంటచెఱకుపైనే వండుచుండిరి.

మెడకు ఇరువైపుల మెదడునకు రక్తము గొనిపోవు కంఠధమనులున్నవి. ఆ ధమని గోడ మందమును అల్ట్రాసౌండు యంత్రముతో కొలిచినచో, గుండెపోటును పక్షవాతమును ఎంత దూరమున నున్నవో కొంతవఱకు తెలియును. ఆ పల్లెలలో, గాలిలో ధూళి యెక్కువగానున్న తావులలో నివసించు పురుషులలో ఆ గోడ మందముగా నుండు జాడ కనబడెను. కట్టెల పొయ్యి మీద, గాలి వెడలు దారి లేని తావున వండు స్త్రీలలో కూడ అట్టి సూచనయే తోచెను.

ఎముకల మాట మఱింత విచిత్రమైనది. 3,717 మంది వెన్నెముకలోను తుంటిలోను ఉన్న ఖనిజభారమును కొలిచి, 2020లో ప్రకటించిన ఫలితమిది: గాలిలో పి.ఎం. 2.5 మూడు మైక్రోగ్రాములు పెరిగినచోట వెన్నెముక ఖనిజము సగటున 0.57 గ్రాములు, తుంటిలో 0.13 గ్రాములు తక్కువగా నుండెను. ఈ పరీక్షితులు వృద్ధులు కారు. వారి సగటు వయస్సు నలువది లోపలిదే. ఊపిరితిత్తులలో చేరిన ధూళికిని ఎముకకును సంబంధమేమని అడుగుదురు. ఎముక రాయి కాదు. దానిని కట్టు కణములును, విప్పు కణములును నిరంతరము పనిచేయుచుండగా దినదినమును కొత్తదగుచుండు సజీవ పదార్థము. ఇందాక చెప్పిన ఆ శత్రుభయ సంకేతములు రక్తమున ప్రవహించినపుడు విప్పు కణముల చేయి పైదియగునని శాస్త్రజ్ఞుల ఊహ. ఇచ్చట ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. ఒకే కాలమున గాలిని, ఎముకను కలిపి చూచిన పరిశీలన ఇది. రెండును కలిసియున్నవని చెప్పునేగాని, ఇది దానికి కారణమని ముద్ర వేయదు. వంటచెఱకునకును ఎముకకును అట్టి సంబంధము వారికి కనబడలేదు. కనబడలేదనియే వారు వ్రాసిరి. శాస్త్రము నందు నాకు గౌరవము పెరుగునది ఇట్టి చోటులనే.

ఇక 2023లో లండనునందలి ఫ్రాన్సిస్ క్రిక్ సంస్థకు చెందిన చార్లెస్ స్వాంటన్ బృందము ప్రకటించిన విషయము, పొగాకు ముట్టనివారికి ఊపిరితిత్తుల క్యాన్సరు ఏల వచ్చుచున్నదను చిక్కును చాలవఱకు విప్పినది. ఊపిరితిత్తులలో రోగములేని భాగముల నుండి తీసిన తునకలను పరీక్షింపగా, నూటికి పదునెనిమిదింటిలో క్యాన్సరునకు బీజమగు ఒక జన్యుమార్పు అప్పటికే నిద్రించుచుండెను. వయస్సుతోపాటు అట్టి మార్పులు మన కణములలో వచ్చుచునే యుండును. వానిలో అధికభాగము నిద్రలేవకయే మనతో ముగియును. సన్నని ధూళి కొత్త మార్పును పుట్టించుటకంటె, తాను రేపిన మంటతో ఆ నిద్రించు కణమును మేల్కొలుపుచున్నదని వారు చూపిరి. ఇంటర్‌ల్యూకిన్-1 బీటా యను సంకేత పదార్థమును అడ్డగించినచో ఎలుకలలో ఆ మేలుకొలుపు ఆగినది కూడ. బీజము మనది, నీరు పోయునది వీధి.

పది నగరముల లెక్క యొకటి 2024లో వెలువడినది. భారతదేశపు శాస్త్రజ్ఞులును స్వీడనువారును కలిసి, 2008 నుండి 2019 వఱకు హైదరాబాదుతో సహా పది నగరములలో నమోదైన సుమారు 36 లక్షల మరణములను ఆయా దినముల గాలితో సరిపోల్చిరి. పి.ఎం. 2.5 పది మైక్రోగ్రాములు పెరిగిన దినములలో మరణములు 1.4 శాతము పెరిగినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ విధించిన దినసరి హద్దును మించిన ధూళి మూలమున హైదరాబాదున ఏటేట రమారమి 1,600 మంది ఆయువు ముందుగానే తీరుచున్నదని వారి గణన. మాలిన్యము తక్కువగానున్న నగరములలో, ధూళి కొంచెము పెరిగినను మరణములు నిటారుగా ఎగసినవి. నలువది లోపల క్షేమమను ఊరటకు ఇంతకంటె ఖండనమేమి కావలెను?

శీతకాలపు వేకువలో భరతనగరు వంతెన మీద నిలిచి మూసాపేట వైపు చూచినచో ఈ యంకెలన్నియు కంటికి కనబడును. రాత్రి చల్లబడిన గాలి నేలనంటి, పైన వెచ్చని పొర మూతవలె కూర్చుండగా, లారీల పొగయు, చెత్తకుప్పల మంటల పొగయు, ఊడ్చువారి చీపురు లేపిన ధూళియు ఎటును పోలేక ఆ మూత క్రిందనే నిలిచియుండును. ఆ సమయముననే పారిశుద్ధ్యపు పనివారు, మార్కెట్టుకు కూరలు తెచ్చువారు, మొదటి షిఫ్టునకు పోవువారు వీధిలో నుందురు.

మా అమ్మ ముసలితనమున దగ్గుతో బాధపడినప్పుడు ఒక ఆసుపత్రికి గొనిపోయితిని. వైద్యుడు, "బీడీ తాగుతవా అమ్మా?" అని అడిగెను. ఆమె సిగ్గుపడి, "అయ్యో, నాకెందుకు సారూ" అనెను. ఆయన కాగితము మీద లేదని వ్రాసికొని ముందునకు పోయెను. ఆ యొక్క ప్రశ్నతోపాటు, "ఏ పొయ్యి మీద వండినవు? ఎన్నేండ్లు? మీ వంటింటికి కిటికీ ఉండెనా? ఏ బస్తీల ఉంటరు?" అను నాలుగు ప్రశ్నలు కూడ అడుగవలెనని నా మనవి. ఎఱ్ఱగడ్డ ఛాతీ ఆసుపత్రిలోను, మన ఇ.ఎస్.ఐ. ఆసుపత్రిలోను, పంజగుట్టలోని నిమ్సులోను, రోగి చీటీమీద ఈ నాలుగింటికి నాలుగు గడులు చేర్చినచో, పర్యావరణ భవనపు యంత్రము చెప్పు అంకెయు, రోగి ఊపిరి చెప్పు కథయు ఒకేచోట చదువుకొనవచ్చును. గాలి లెక్క ఒకచోట, మనుష్యుల లెక్క మఱొకచోట పడియున్నంతకాలము రెండును మూగవే.

ఇంతకును అమ్మ తనంతట తానే ఒక వైద్యము చేసికొనినది. 1999లో దీపము పథకము వచ్చి పేద స్త్రీల వంటయిండ్లకు గ్యాసు పొయ్యి చేరుటకు ఎన్నో యేండ్ల పూర్వమే, ఒక ఆదివారమునాడు, పొట్టుపొయ్యికి నేరుగా పైనున్న గోడలో రెండిటుకలు తీసివేయుమని మా నాయనను పట్టుబట్టినది. క్వార్టరు మనది కాదు, గోడ పగులగొట్టిన మాట వచ్చునని ఆయన జంకెను. "మాటొస్తె నేను చెప్పుకుంట, నువ్వు సుత్తె తే" అనినది. ఆ కన్నము గుండ పొగ బయటికి పోవుచుండగా వెలుపలి గోడ మీద చేతి వెడల్పున నల్లని చార యొకటి యేర్పడెను. మేము ఆ యిల్లు విడిచునంతవఱకును ప్రతి దసరాకు నాయన దానిమీద రెండు పూతలు సున్నము వేసెడివాడు. సంక్రాంతి నాటికి ఆ చార మఱల పైకి తేలెడిది.